ఉందా, లేదా?

మా జూపాడు బంగ్లాలో ఎవరైనా "ఏం పని చేస్తావప్పా?" అని అడిగితే "సాఫ్ట్‌వేర్" అని ఊరుకుంటాను. ఇంకొంచెం ఆసక్తి ఉన్నవాళ్లు "ప్రోగ్రాములు రాస్తావా?" అంటారు. పెద్దగా రాయను. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాములు బిల్డ్ అయ్యేటట్టు చూడటం నా పని. అంటే, ఏ ఫైలు ముందు, ఏది తర్వాత, దేనికి ఏం కావాలి అని కంప్యూటర్‌కు చెప్పే ఫైళ్లు రాయడం, అవి మొరాయిస్తే బాగుచేయడం. ఇంటి నుంచే పని కాబట్టి, మిద్దె మీద గదిలో కూర్చుని రోజంతా చేసేది ఇదే.

ప్రోగ్రామింగ్ నేర్పే పాఠాలు ఈ సంగతిని మొదటి పది నిమిషాల్లో దాటేస్తాయి. "ఇది ఇన్‌స్టాల్ చేసుకోండి, ఈ మూడు మాటలు కొట్టండి" అంటారు. ఆ మూడు మాటలు కొట్టాక తెర మీద నాలుగైదు వందల లైన్లు వాననీళ్లలా పారిపోతాయి. ఎవరూ చదవరు. ఆ చదవని లైన్లలో ఏం జరుగుతుందో, అది తెలుగు రాసుకునే మనకు ఎందుకు పట్టాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మనిషి రాసిన ప్రోగ్రామ్ యంత్రానికి నేరుగా అర్థం కాదు. కంపైలర్ దాన్ని యంత్రం భాషలోకి మార్చాలి. పెద్ద ప్రోగ్రాములో వందల ఫైళ్లుంటాయి. అవి కాక, ఎవరెవరో ముందే రాసిపెట్టిన లైబ్రరీల మీద అది ఆధారపడుతుంది. బొమ్మలు తెరవడానికి ఒకటి, అక్షరాలు గీయడానికి ఇంకొకటి, ఫైళ్లను కుదించడానికి మరొకటి. అన్నీ సరైన వరసలో, సరైన చోట కలవాలి. దీన్నే బిల్డ్ అంటాం.

1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ దీనికోసం 'మేక్' అనే పనిముట్టు తయారుచేశాడు. దాని పుట్టుక గురించి ఆయనే చెప్పిన కథ ఉంది. స్టీవ్ జాన్సన్ అనే సహోద్యోగి ఒకరోజు తన రాతను తిట్టుకుంటూ వచ్చాడట. ఓ తప్పును వెతుకుతూ ఒక ఉదయమంతా పోగొట్టుకున్నాడు. తీరా చూస్తే తప్పు ఎప్పుడో దిద్దేశాడు. దిద్దిన ఫైలే మళ్లీ కంపైల్ కాలేదు, పాత ముక్కే నడుస్తోంది. ఏది దేనిమీద ఆధారపడిందో రాసిపెట్టుకుని, మారినదాన్నీ దానికి సంబంధించినవాటినీ మాత్రమే మళ్లీ చేయడం 'మేక్' పని. ఇందులో ఆదేశం ముందు తప్పకుండా ట్యాబ్ ఉండాలి, స్పేస్ కొడితే కుదరదు. అది ఇబ్బందేనని ఫెల్డ్‌మన్‌కు కొన్ని వారాల్లోనే తెలిసింది. కానీ అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, ఎక్కువమంది స్నేహితులు. వాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశాడు. ఆ మొహమాటాన్ని దాదాపు యాభై ఏళ్లుగా ప్రపంచమంతా మోస్తోంది. 2003లో 'మేక్'కు ఏసీఎం వాళ్లు సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు కూడా ఇచ్చారు.

'మేక్'కు వరస తెలుసు గానీ చోటు తెలియదు. పెళ్లికి వంట చేయడానికి వేరే ఊరు పోయిన వంటమాస్టర్‌ను చూడండి. వంటల వరస ఆయనకు కంఠతా వచ్చు. కానీ దిగీదిగగానే ఆయన వెతికేది వంటల జాబితా కాదు. నీళ్లు యాడున్నాయి, పొయ్యిలు ఎన్ని, గుండిగలు ఏ సైజువి, గ్యాసా కట్టెలా అని అడుగుతాడు. సాఫ్ట్‌వేర్‌కూ అదే అవసరం పడింది. 1980లలో యూనిక్స్ ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో తీరుగా తయారైంది. ఒక యంత్రంలో ఉన్న ఫంక్షన్ ఇంకోదాంట్లో లేదు, ఉన్నా వేరే తీరుగా ఉంది. 1991లో డేవిడ్ మెకెంజీ 'ఆటోకాన్ఫ్' మొదలుపెట్టింది దీనికోసమే. అది తయారుచేసే స్క్రిప్టు పేరు 'కాన్ఫిగర్'. బిల్డ్ మొదలయ్యేముందు అది యంత్రమంతా తిరిగి 'ఫలానాది ఉందా?' అని అడుగుతూ పోతుంది. ఉంది, ఉంది, లేదు, ఉంది. తెర మీద పారిపోయే లైన్లు ఇవే.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతొకటి ఉంది. అంతకుముందు చాలా ప్రోగ్రాములు యంత్రం పేరు అడిగేవి. నువ్వు సన్ వాళ్లదానివా, అయితే నీ దగ్గర ఇవి ఉంటాయి. హెచ్‌పీ వాళ్లదానివా, అయితే అవి ఉంటాయి. కాన్ఫిగర్ వీలైనంతవరకు పేరు పట్టించుకోదు. నాలుగు లైన్ల చిన్న ప్రోగ్రామ్ ఒకటి అప్పటికప్పుడు రాసి, కంపైల్ చేసి చూస్తుంది. అయితే ఉన్నట్టు, కాకపోతే లేనట్టు. కొత్త మనిషి కనిపిస్తే "ఎవరి పిల్లోడివి? ఏమిట్లోళ్లు?" అని ముందు అడిగే ఊళ్లో పెరిగినవాడిని. నీ ఇంటిపేరు నాకొద్దు, ఈ పని చేసి చూపించు చాలు అనే పద్ధతిలోని మర్యాద నాకు తెలుసు.

తర్వాత 'సీమేక్' వచ్చింది. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ డబ్బు పెట్టిన ఓ వైద్యచిత్రాల ప్రాజెక్టు కోసం, 2000 ప్రాంతంలో కిట్‌వేర్ అనే సంస్థ దీన్ని తయారుచేసింది. ఒకే ప్రాజెక్టు విండోస్‌లోనూ యూనిక్స్‌లోనూ బిల్డ్ కావాలి, అదీ అవసరం. సీమేక్ తనంతట తాను బిల్డ్ చేయదు. మనం రాసింది చదువుకుని, చోటునుబట్టి ఒకచోట మేక్‌కు, ఒకచోట విజువల్ స్టూడియోకు, ఇంకోచోట నింజాకు కావలసిన ఫైళ్లు రాసిస్తుంది. మావైపు వాళ్లకైతే దీన్ని ఒక్కమాటలో చెప్పొచ్చు: బానకచెర్ల క్రాస్ రెగ్యులేటర్. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చిన నీళ్లు అక్కడ తెలుగుగంగకు కొన్ని, శ్రీశైలం కుడి కాలువకు కొన్ని, గాలేరు-నగరి వైపు కొన్ని పోతాయి. వచ్చే కాలువ ఒకటే, పోయే దారులు వేరు.

చరిత్ర చాలు. ఇప్పుడు అసలు సంగతి.

మా చిన్నాయన కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి మేనమామకు నందికొట్కూరులో శుభలేఖలు, ఫ్లెక్సీలు వేసే చిన్న షాపుంది. పోయిన పెళ్లిళ్ల కాలంలో ఒకరు వచ్చి, ప్రతి శుభలేఖ మీదా పిలిచేవాళ్ల పేరు చేత్తో రాయకుండా అచ్చువేసి ఇమ్మన్నారు. నాలుగు వందల పేర్లు. మావాడు దానికి ఒప్పుకున్నాడు. పేర్ల జాబితా ఇస్తే, ఒక్కో పేరునూ కార్డు బొమ్మ మీద సరైన చోట రాసే ప్రోగ్రామ్ చేస్తానన్నాడు. బొమ్మల మీద పని చేయడానికి ప్రపంచమంతా వాడే ఓ ఉచిత ప్రోగ్రామ్ ఉంది. వాడి పాత లాప్‌టాప్‌లో లినక్స్‌తోపాటు వచ్చింది పాతది. కొత్తది కావాలని సోర్స్ దించుకుని తనే బిల్డ్ చేశాడు. ఫోన్ డేటాతో, రాత్రిపూట.

మరుసటి రోజు పొద్దున్నే లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు.

"అన్నా, కాన్ఫిగర్ బాగయింది, మేక్ బాగయింది. ఒక్క ఎర్రర్ రాల్యా. పేర్లు మాత్రం జూడు ఎట్ల వస్తాండాయో."

చూశాను. లక్ష్మీదేవి అని ఉండాల్సిన చోట లక్‌ష్‌మీదేవి. సుబ్బమ్మ కాస్తా సుబ్‌బమ్‌మ. వత్తు ఒక్కటీ కిందికి దిగలేదు. పొల్లు గీత విడిగా, అక్షరం విడిగా. అదే కార్డు మీద ఇంగ్లీషులో వేసిన ఫంక్షన్ హాలు పేరు మాత్రం ముత్యాల్లా ఉంది.

"ఫాంట్ మార్చినా. నాలుగు ఫాంట్లు మార్చినా. జాబితాలో తప్పుందేమోనని అన్నీ మళ్లీ కొట్టినా. నాకే రాదేమోలే అన్నా" అన్నాడు.

ఆ చివరి మాట నన్ను బాధపెట్టింది. ఊళ్లల్లో చదువుకున్న పిల్లలు ఎంత తొందరగా ఆ మాట అంటారో నాకు తెలుసు. యంత్రం తప్పు లేదంది, కాబట్టి తప్పు నాదే.

"అంతా బాగయింది అన్నావు గదా. కాన్ఫిగర్ మళ్లీ నడుపు. కింద చివర ఒక పట్టిక వస్తాది, అది జూడు" అన్నాను.

నడిపాడు. లైన్లన్నీ పారిపోయాక పట్టిక వచ్చింది. ఎడమవైపు లైబ్రరీ పేరు, మధ్యలో మనం అడిగింది, కుడివైపు దొరికింది. జేపెగ్: కావాలి, ఉంది. పీఎన్‌జీ: కావాలి, ఉంది. ఫ్రీటైప్: కావాలి, ఉంది. అట్లా దిగుతూ దిగుతూ ఒకచోట, రక్మ్: కావాలి, లేదు.

ఆ ఒక్క 'లేదు'లో మా సుబ్బమ్మ విరిగిపోయింది.

ఫ్రీటైప్ అనే లైబ్రరీ ఫాంట్ ఫైలు తెరిచి ఒక్కో అక్షరం రూపాన్ని గీసి ఇస్తుంది. ఇంగ్లీషుకు దాదాపు అంతే చాలు. ఏ పక్కన బీ, బీ పక్కన సీ. తెలుగు అట్లా కాదు. బ, పొల్లు, బ అనే మూడు సంకేతాలు వరసగా వస్తే, రెండో బ రూపం మారి మొదటిదాని కిందికి వెళ్లాలి. గుడి దీర్ఘం తలకట్టును మింగాలి. ఏ సంకేతాలు కలిస్తే ఏ రూపం రావాలో ఫాంటులో నియమాలు రాసి ఉంటాయి. వాటిని చదివి అమలుచేసేవాడు ఇంకొకడు కావాలి. ఆ పనిచేసేది హార్ఫ్‌బజ్. దాన్ని తేలిగ్గా వాడుకోవడానికి చేసిన చిన్న లైబ్రరీ రక్మ్. హార్ఫ్‌బజ్‌ను ముఖ్యంగా నిర్మించింది బెహదాద్ ఎస్ఫహబోద్ అనే ఇరానీ-కెనడియన్. ఓపెన్‌టైప్ అనే మాటకు ఆయన చేసిన పారశీక అనువాదమే ఆ పేరు. రక్మ్ అంటే అరబ్బీలో రాత, అంకె. కుడి నుంచి ఎడమకు, అక్షరాలు చేతులు పట్టుకుని నడిచే లిపి వాళ్లది. మన వత్తుల బాధ వాళ్లకు అర్థమైందంటే ఆశ్చర్యం లేదు. కర్నూలు పాతబస్తీ అంగళ్ల మీద ఉర్దూ, తెలుగు పక్కపక్కనే రాసుంటాయి. కంప్యూటర్ లోపల కూడా ఆ రెండూ ఒకే లైబ్రరీ చేతుల్లోంచి వస్తాయి.

మరి మావాడి లాప్‌టాప్‌లో రక్మ్ లేదా? ఉంది. వేరే ప్రోగ్రాములు వాడుకుంటూనే ఉన్నాయి. కానీ లినక్స్‌లో లైబ్రరీలు రెండు భాగాలుగా వస్తాయి. నడిచే ప్రోగ్రాములకు కావలసిన భాగం ఒకటి, కొత్తగా బిల్డ్ చేసేవాళ్లకు కావలసిన హెడర్ ఫైళ్ల భాగం ఇంకొకటి. రెండోది లేదు. కాబట్టి కాన్ఫిగర్ 'లేదు' అని రాసింది. అబద్ధం చెప్పలేదు, దాచలేదు. రాసి ముందుకు పోయింది. ఎందుకంటే దాని లెక్కలో రక్మ్ ఐచ్ఛికం. ఉంటే మంచిది, లేకపోయినా బిల్డ్ ఆగదు.

ఐచ్ఛికం. ఎవరికి?

బిల్డ్ ఫైళ్లు రాసేవాడిగా ఈ మాట ఎట్లా పుడుతుందో నాకు తెలుసు. లైబ్రరీల జాబితా ముందు పెట్టుకుని కూర్చుంటాం. ఒక్కోదాని పక్కన 'తప్పనిసరి' లేదా 'ఐచ్ఛికం' అని రాయాలి. తప్పనిసరి అంటే అది లేని యంత్రంలో అసలు బిల్డే కాదు, పదిమంది ఫిర్యాదు చేస్తారు. ఐచ్ఛికం అంటే ఎవరూ ఏమీ అనరు. కాబట్టి మన సొంత పని దేనితో ఆగుతుందో అదే తప్పనిసరి అవుతుంది, తక్కినవన్నీ ఐచ్ఛికం. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. ఆ జాబితా ముందు కూర్చున్నవాడి అమ్మ పేరు మేరీ అయితే రక్మ్ ఐచ్ఛికమే. సుబ్బమ్మ అయితే కాదు.

పెళ్లి పిలుపులో పేరు తప్పుపడితే మావైపు ఏమవుతుందో బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. "మా పేరు గూడ సరిగా రాయలేకపాయిరి" అని పదేళ్లు గుర్తుంచుకుంటారు. అది ఐచ్ఛికం కాదు.

దీన్ని మన ఒక్కరి గోడుగానే చూస్తే సగమే చూసినట్టు. 'లేదు' అని రాసి ముందుకు పోయే ఈ పద్ధతిలో అంతకంటే పెద్ద ప్రమాదం ఉందని 2024లో లోకానికి తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే చిన్న ప్రాజెక్టు ఉంది, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. మారుపేరుతో ఒక మనిషి రెండేళ్లకు పైగా దానికి సాయం చేసి, నమ్మకం సంపాదించి, అందులో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమని వెతుకుతూ పోయి, మార్చి 29న దాన్ని బయటపెట్టాడు. ఆ దొంగదారిని తెరిచే భాగం ప్రోగ్రామ్ ఫైళ్లలో లేదు. విడుదల చేసిన ప్యాకెట్‌లో, కాన్ఫిగర్‌ను తయారుచేసే ఫైళ్లలో ఉంది. ఎవరూ చదవని చోటే ఉంది.

అదే మనిషి ఇంకో పని కూడా చేశాడు. ఆ ప్రాజెక్టు సీమేక్ ఫైల్లో, లినక్స్‌లోని ఒక రక్షణ ఏర్పాటు ఈ యంత్రంలో ఉందా అని చూసే చిన్న పరీక్ష ఉంది. దాంట్లో ఒక లైనులో ఒక్క చుక్క పెట్టాడు. పులిస్టాప్, అంతే. ఆ చుక్కతో పరీక్ష ప్రోగ్రామ్ ఎక్కడా కంపైల్ కాదు. కంపైల్ కాకపోతే 'లేదు'. లేకపోతే ఆ రక్షణ వదిలేసి ముందుకు. బిల్డ్ విజయవంతం. పేరు అడగకుండా పని చేసి చూపించమనే పద్ధతిని నేను పైన మెచ్చుకున్నాను. ఇప్పుడూ మెచ్చుకుంటాను. కానీ పరీక్ష పెట్టేవాడి చేతిలో ఒక చుక్క ఉంటుంది. 'లేదు' అన్న జవాబు రావడానికి నిజంగా లేకపోవడం ఒక్కటే కారణం కాదు.

మా మండలంలోని పోతిరెడ్డిపాడు పేరు పేపర్లలో చూసే ఉంటారు. శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమకు నీళ్లు మళ్లించే హెడ్ రెగ్యులేటర్ అక్కడుంది. 44,000 క్యూసెక్కుల సామర్థ్యం అని కాగితాల మీద ఉంటుంది. మావైపు రైతు ఆ అంకెను పట్టించుకోడు. "డ్యాంలో ఎన్నడుగులుంది?" అని అడుగుతాడు. నిండితే 885. 854 అడుగుల అంకె మీద దశాబ్దాలుగా కొట్లాటలు జరుగుతున్నాయి. మట్టం తగ్గేకొద్దీ గేట్లు ఎంత ఎత్తినా కాలువలోకి వచ్చే నీళ్లు తగ్గిపోతాయి. 'గేట్లు ఎత్తారు' అన్న వార్త నిజమే. నీళ్లొచ్చాయా అన్నది వేరే ప్రశ్న. బిల్డ్ విజయవంతం అన్న మాట కూడా గేట్లు ఎత్తారన్న వార్తలాంటిదే. రాయలసీమలో పుట్టినవాడికి ఈ రెంటికీ మధ్య తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. కంప్యూటర్ ముందు కూర్చోగానే దాన్ని మర్చిపోతున్నాం.

ఆగాల్సిన చోట ఆగడం నేర్పే మార్గాలు ఈ పనిముట్లలోనే ఉన్నాయి. సీమేక్‌లో ఒక లైబ్రరీని వెతకమని చెప్పి ఊరుకుంటే, దొరక్కపోయినా పని ముందుకే సాగుతుంది. దాని పక్కన 'రిక్వయిర్డ్' అనే ఒక్క మాట చేరిస్తే, దొరకని చోట ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. 2013లో ఫిన్లాండ్‌కు చెందిన యుస్సి పక్కనెన్ విడుదల చేసిన 'మెసన్' ఇంకో అడుగు వేసింది. అందులో ఏ లైబ్రరీ అడిగినా అది తప్పనిసరే. ఐచ్ఛికం కావాలంటే మనమే నోరు తెరిచి చెప్పాలి. చూడ్డానికి చిన్న తేడా. మౌనానికి అర్థం ఏమిటన్నది దీంతో తిరగబడింది. ఒకదాంట్లో మౌనం అంటే 'లేకపోయినా ఫరవాలేదు', ఇంకోదాంట్లో 'లేకపోతే ఒప్పుకోను'. హార్ఫ్‌బజ్ ఇప్పుడు బిల్డ్ అయ్యేది ఆ మెసన్‌తోనే.

మావాడు ఆ రోజు హెడర్ ఫైళ్ల ప్యాకేజీ తెచ్చుకున్నాడు. కొన్ని కేబీలు, ఫోన్ డేటాలో లెక్కకు రాదు. కాన్ఫిగర్ మళ్లీ నడిపాడు. రక్మ్: కావాలి, ఉంది. మేక్ అయ్యేదాకా ఇద్దరం కిందికి పోయి ఉగ్గాని తిని వచ్చాం. లక్ష్మీదేవి లక్ష్మీదేవిలాగే వచ్చింది. సుబ్బమ్మ కూడా.

"ఇంత చిన్నదా!" అన్నాడు. చిన్నదే. కానీ ఆ పట్టిక చదవాలని వాడికి ఎవరూ చెప్పలేదు. చదివినా, ఆ ముప్పై పేర్లలో తన భాష బరువు మోసేది ఏదో ఎట్లా తెలుస్తుంది? అక్కడ తెలుగు అని రాసి ఉండదు. మన పిల్లలకు మొదటి పాఠంలోనే ఇది చెప్పాలని నేననుకుంటాను. ఫర్ లూప్ రెండో రోజు నేర్చుకోవచ్చు.

వెళ్లేముందు వాడిచేత ఒక పని చేయించాను. బిల్డ్ చేసే స్క్రిప్టులో మూడు లైన్లు రాయించాను: కాన్ఫిగర్ అయ్యాక రక్మ్ దగ్గర 'లేదు' అని ఉంటే, అక్కడే ఆగు, మేక్ దాకా పోవద్దు, 'తెలుగు రాదు' అని తెర మీద రాయి. ఆ మాట తెలుగులోనే రాశాడు. కమాండ్ల మధ్య తెలుగు అక్షరాలు చూసి కాసేపు నవ్వుకున్నాం.

నాలుగు వందల కార్డులూ పోయాయి. రెండు నెలల తర్వాత వాళ్ల మేనమామ షాపులోకి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి కొన్నాడు. వీడు దాంట్లో అంతా మొదటినుంచి పెట్టుకుంటున్నాడు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు.

"అన్నా, ఆగిపోయింది!"

గొంతులో సంతోషం.